చంద్రుడి వీపు

ఆ బడిలో పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు "కాదు టీచర్". అసలు పేరుతో జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ పని పడేది కాదు. ఆవిడ చెప్పేది సైన్సు. ఎవరైనా తప్పు చెబితే పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టి, "కాదు, మళ్ళీ చూడు" అనేది. పిల్లల్నే అనుకునేరు, తోటి టీచర్లనూ వదిలేది కాదు. ఓసారి లెక్కల మాస్టారు టీ తాగుతూ "చలి లోపలికొస్తోంది, ఆ తలుపెయ్యండి" అన్న పాపానికి, చలి రావడమనేది ఉండదనీ, వేడి పోవడమే ఉంటుందనీ పావుగంట చెప్పింది. ఈలోగా టీ చల్లారింది. "అవునండీ, పోయింది," అన్నాడాయన కప్పులోకి చూసుకుంటూ.

అలాంటి మనిషి ఈ ఏడాది అన్నిటికీ "సరే" అంటోంది. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస.

ఆ అన్నయ్య సంగతి చెప్పకుండా ఆవిడ సంగతి చెప్పడం కుదరదు. ఆయన నాటకాలకు తెరలు రాసే పెయింటరు. రాజమందిరం, అడవి, జైలు, రైలు స్టేషను, ఏది కావాలన్నా గుడ్డ మీద దింపేవాడు. నాటకాలు తగ్గాక కొట్లకు బోర్డులు రాశాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే చిన్న చెల్లెలు, "వాళ్ళిద్దరి వాదనలు తెమిలితేగా, పెళ్ళి మాట వచ్చేది!" అనేది.

ఒకరోజు టీచరు క్యారియరు ఇంట్లో మరిచిపోతే, ఇవ్వడానికి ఆయన బడికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి పాఠం కాసేపు విన్నాడు. తర్వాత వరండాలోకి పిలిచి, "ఏమే, నిలబడ్డ నాకే నిద్దరొస్తోంది. కూచున్నవాళ్ళ గతేంటి? ముందు వాళ్ళని లేపి ఆడించు," అన్నాడు. పాఠం ఆట కాదని ఆవిడ అంది. ఆటంటే తేలికనుకుంటున్నావా అని ఆయన అన్నాడు. ఆ వాదన ఆ ఇంట్లో ఆ తర్వాత ఏళ్ళ తరబడి సాగింది గానీ, పిల్లలు మాత్రం ఆ వారమే లేచి నిలబడ్డారు.

బడి వెనకాల పాత హాలు ఒకటి ఖాళీగా ఉండేది. ఆయన దానికి నల్లతెరలు కట్టాడు. మంచుగడ్డ అంటే పిల్లలంతా చేతులు గట్టిగా పట్టుకుని వరసల్లో వణుకుతూ నిలబడటం. నీరంటే చేతులొదిలి ఒకళ్ళనొకళ్ళు రాసుకుంటూ జరగడం. ఆవిరంటే ఇష్టమొచ్చిన దిక్కుకు పరిగెత్తడం. మొదటిసారి ఆవిరైన పిల్లలు తలుపు తీసుందని మైదానంలోకి పోయి మధ్యాహ్నం దాకా మళ్ళీ నీరు కాలేదు. ఆకు లోపల ఏం జరుగుతుందో చెప్పాలంటే గోడంత తెర మీద పచ్చటి వంటగది రాసిచ్చాడు. పిల్లలు ఎండనూ నీళ్ళనూ బుట్టల్లో మోసుకొచ్చి అందులో వండేవారు.

వాళ్ళిద్దరికీ గట్టిగా చెడింది చంద్రుడి దగ్గర. నాటకంలో పుట్టి పెరిగిన ఆయనకు ఒక నియమం ఉంది: చూసేవాళ్ళకు వీపు చూపించకూడదు. చూపిస్తే వచ్చినవాళ్ళ మొహాన తలుపేసినట్టేనట. పిల్లలకు మొదటిరోజే అది నూరిపోశాడు. దాంతో చంద్రుడి వేషం వేసిన పిల్ల జనానికేసి నవ్వు ముఖం పెట్టి, భూమి చుట్టూ చక్కా ఒక చుట్టు తిరిగొచ్చింది.

"కాదు," అంది టీచరు. "చంద్రుడు ఎప్పుడూ భూమికేసే చూస్తాడు. వీపు భూమికి చూపించడు."

"అయితే జనానికి చూపిస్తాడా?"

"ఈ పక్కకొచ్చినప్పుడు చూపిస్తాడు."

"నా నాటకంలో చూపించడు."

"ఇది నాటకం కాదన్నయ్యా."

"మరి నేనెందుకొచ్చినట్టు?"

మధ్యలో ఆ చంద్రుడి పిల్లకు, విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనుషులు ఇంట్లో ఒకరుంటేనే కష్టం, ఇద్దరుంటే చెప్పేదేముంది. కొన్నాళ్ళు ఆ ఇంట్లో ఉప్పు కావాలన్నా గోడకు చెప్పుకున్నారు. చివరికి ఆయనే దిగొచ్చి, "ఆ వెనకవైపు ఎలా ఉంటుందో, బొమ్మేదైనా ఉందా?" అని అడిగాడు. ఆవిడ లైబ్రరీ నుంచి ఫోటో ఉన్న పుస్తకం తెచ్చిచ్చింది. ఆయన పాత దుప్పటి కుట్టించి చంద్రుడి అంగరఖా చేశాడు. ముందువైపు మనకు రోజూ కనిపించే నల్లమచ్చలు వేశాడు. వీపువైపు మొత్తం గుంటలు, గుంటల్లో గుంటలు, వెండిరంగూ బూడిదరంగూ కలిపి, వెలుతురు పడితే వేలు పెట్టి చూడాలనిపించేలా వేశాడు.

"చూపించక తప్పని వీపైతే, దానిక్కూడా ఏదో ఒక పనుండాలే," అన్నాడు.

ఆ ఏడాది చంద్రుడు వెనక్కి తిరిగినప్పుడే హాలంతా "ఓ" అంది. గెలిచింది తనేనని ఇద్దరూ చెప్పుకున్నారు.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. "ఊఁ" ఒక్కటే మిగిలింది. చాలు, వద్దు, మంచినీళ్ళు, నీ మొహం, అన్నిటికీ అదే ఊఁ. ఏ ఊఁ ఏమిటో ఆవిడకు తెలిసేది. చక్రాల కుర్చీ వచ్చింది. బడి వేళల్లో ఒక ఆయా చూసుకునేది, తక్కినవేళంతా ఆవిడే. మంచం మీంచి కుర్చీలోకి దించేటప్పుడు బ్రేకు వేసి "వేశాను" అని చెప్పేది. ఆయన "ఊఁ" అన్నాకే బరువు పూర్తిగా వదిలేవాడు. ఆ ఊఁ వినపడేదాకా ఆవిడ బ్రేకు మీంచి చెయ్యి తీసేది కాదు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పొయ్యి మీద పాలు పొంగుతుంటే అటు తిరిగింది. ఆయన దేనికో వంగి కుర్చీలోంచి జారిపోయాడు. నుదురు బొప్పి కట్టింది, అంతకన్నా ఏం కాలేదు. కానీ ఆనాటినుంచి ఆవిడ ఆ కుర్చీకి వీపు చూపించలేదు. గిన్నెలు తోమినా, బట్టలారేసినా, కూరలు తరిగినా, ముఖం అటే. ఇంట్లో ఎండ్రకాయలా అడ్డంగా నడవడం నేర్చుకుంది. చుట్టపుచూపుగా వచ్చిన చెల్లెలు, "మీ ఇంటికొస్తే నీ వీపు తప్ప మొహం చూసే యోగం లేదే అక్కా!" అని మూతి ముడుచుకుంది. అందులో అబద్ధమేం లేదు. సినిమాకు రమ్మన్నవాళ్ళు, పెళ్ళికి పిలిచినవాళ్ళు, ఊరికే కబుర్లాడదామని వచ్చినవాళ్ళు, అందరూ ఆ వీపు చూసి చూసి వెళ్ళిపోయారు.

ఒక పొద్దున మామూలుగానే కుర్చీలోకి దించి, "వేశాను" అంది. ఊఁ రాలేదు. మళ్ళీ చెప్పింది. రాలేదు. ఆయా వచ్చి తలుపు కొట్టేదాకా ఆవిడ బ్రేకు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడి ఉంది.

ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకు తనే టీ కలిపిచ్చింది, చక్కెర సరిపోయిందా అని అడిగింది. "ఏడ్చెయ్యి అక్కా, లోపల పెట్టుకోకు," అని చెల్లెలు పట్టుకుని ఊపింది. "సరే," అంది ఆవిడ. అన్నదే గానీ ఏడవలేదు. రాతిగుండె అన్నవాళ్ళు అన్నారు. చాలాసేపు మడిచి కూర్చున్న కాలిని గిల్లితే, గిల్లినట్టు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. ఆవిడకు మనిషంతా అలా ఉంది. బాధ లేదు. బాధ లేదే అని మాత్రం ఒక్కోసారి భయం వేసేది: అన్నయ్యంటే నాకు ఇంతేనా? ఆ ప్రశ్న కూడా కాసేపుండి పోయేది. కూర మాడిన వాసన వస్తే దించేది. బస్సు వస్తే ఎక్కేది.

"ఆ కుర్చీ ఇంకా ఎదురుగా పెట్టుకోకు, ఎవరికైనా ఇచ్చెయ్," అంది చెల్లెలు. సరే అంది. తీసుకునేవాళ్ళు దొరకలేదు. బడి బంట్రోతు చేత మోయించి హాలు వెనకగదిలో, పాత తెరల పక్కన పెట్టించింది.

హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు. హాలు సంగతి మాట్లాడటానికి రెండు వారాలు ధైర్యం కూడగట్టుకున్నాడు. బడి కమిటీ వాళ్ళు పెద్ద స్క్రీను ఒకటి ఇస్తామన్నారు. దాన్ని పెట్టడానికి హాలు కావాలి. నల్లతెరలు తీసేసి, కుర్చీలు నేలకు బిగిస్తారు. "పిల్లలు ఇక ఆకులూ ఆవిర్లూ అయి గెంతక్కర్లేదండీ. అన్నీ బొమ్మల్లో కదులుతూ కనిపిస్తాయి. మీకూ శ్రమ తగ్గుతుంది," అని మొదలుపెట్టాడు.

"సరేనండీ."

ఆయన దగ్గర ఇంకా చాలా జవాబులు తయారుగా ఉన్నాయి. వాటినేం చేసుకోవాలో తెలియలేదు. "సరేనా?" అన్నాడు.

"సరే."

కమిటీ వాళ్ళు హాలు చూడటానికి వచ్చేరోజున పిల్లలు ఆఖరిసారిగా చంద్రుడి ఆట ఆడాలనీ, అది అయ్యాక ఆవిడ హాలు తాళంచెవి ఇచ్చెయ్యాలనీ అనుకున్నారు. సంగతి విన్న బంట్రోతు ఆవిడ ముందు నిలబడి, "మీరే సరే అంటే, అన్నగారి రంగుతెరలన్నీ ఎక్కడ పెట్టనమ్మా?" అని అడిగాడు. ఎక్కడో అక్కడ పెట్టమంది.

ఈసారి భూమి వేషం ఒక సన్నటి పిల్లది. ఎంత తిరిగినా కళ్ళు తిరగవని దానికి బొంగరమని పేరు. చంద్రుడి వేషం హీరో అనే కుర్రాడిది. అది వాడికి పిల్లలు వెక్కిరింతగా పెట్టిన పేరు. వాడు బిరుదనుకుని మోస్తున్నాడు. అద్దం లేని గదిలో కూడా జుట్టు దువ్వుకోగల ఘనుడు. సాధనలో బొంగరం తిరుగుడు స్టూలు మీద కూర్చుని గిర్రున తిరిగేది. హీరో దాని చుట్టూ సుద్దముక్కతో గీసిన గీత మీద నడిచేవాడు, ముఖం మాత్రం ఖాళీ బెంచీలకేసే. అన్నయ్య పెట్టిన నియమం పెద్ద పిల్లల నోట చిన్న పిల్లలకు చేరి ఇంకా బతికే ఉంది మరి. అంగరఖా వీపు ఒక్కసారీ బయటపడలేదు.

టీచరు చూసింది. తప్పని తెలుసు. నోటి దాకా ఏమీ రాలేదు. "బాగుందా టీచర్?" అని హీరో అడిగితే, "సరే," అంది. ఇరవై ఏళ్ళలో ఆ హాల్లో తప్పు నిలబడిపోవడం అదే మొదలు. ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో ఆ మాట గుర్తొచ్చింది కూడా. సిగ్గుపడదామని చూసింది. అదీ రాలేదు.

కమిటీ వాళ్ళు వచ్చిన రోజున, తీరా అందరూ కూర్చున్నాక స్టూలు కాలు విరిగింది. "నేనేం చెయ్యలేదు టీచర్, దానంతటదే," అంది బొంగరం నేల మీద కూర్చునే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు హీరో కూడా, స్టూలు లేకపోతే తనకు మూడ్ రాదన్నాడు. బొంగరం వెనకగదిలోకి తొంగి చూసి వచ్చింది.

"టీచర్, అక్కడ చక్రాల కుర్చీ ఉంది. అది స్టూలు కన్నా బాగా తిరుగుతుంది. తెచ్చుకోవచ్చా?"

"సరే," అంది ఆవిడ. ఏ కుర్చీయో తెలుసు. తెలిసే అంది.

దీపాలార్పారు. అన్నయ్య రేకు డబ్బాతో చేసిన సూర్యుడు ఒక మూల వెలిగాడు. కమిటీ అధ్యక్షుడు ముందు వరసలో కాలు మీద కాలేసుకున్నాడు. బొంగరం ఒక చక్రాన్ని ముందుకూ ఒక చక్రాన్ని వెనక్కూ తోస్తూ ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టింది. ఎడమ చక్రం కిర్రుమంది. ఆ కిర్రు ఆవిడకు తెలుసు. నూనె వెయ్యాలి అనుకుంది, ఇంట్లో అనుకున్నట్టే.

హీరో దిగాడు. వెనకవైపు సగం చుట్టూ బాగానే గడిచింది. పక్కనుంచి ముందుకొచ్చాడు. ఇప్పుడు వాడు కుర్చీకీ జనానికీ మధ్య ఉన్నాడు. జనానికేసి చూసి నవ్వాడు. కుర్చీకి వీపు పెట్టాడు. వాడి వెనకాల బొంగరం చక్రం అందుకోవడానికి ఓ పక్కకు వంగింది.

"కాదు!"

హాలంతా ఉలిక్కిపడింది. అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడింది ఆవిడే. అప్పటికే గీత దాటి లోపలికి వచ్చేసింది. వచ్చింది పాఠం కోసం కాదు, అది ఎవరికి తెలియకపోయినా ఆవిడకు తెలుసు. పిల్లకేం కాలేదు. శుభ్రంగా కూర్చుని కళ్ళప్పగించి చూస్తోంది. కానీ నోటి నుంచి వచ్చిన మాట వచ్చేసింది, వెనక్కి పోదు.

"తిరగరా," అంది హీరోతో. "వీపు పెట్టకు. అటు చూడు, ఆ పిల్లకేసి."

"జనానికి వీపు కనిపిస్తుంది టీచర్!"

"కనిపించనీ."

"మరి నా మొహం?"

"ఆ పిల్ల చూస్తోందిగా. చాల్దూ?"

వాడికి చాలలేదని తెలుస్తూనే ఉంది. ఆవిడ వాణ్ణి గీత అవతల నిలబెట్టి, "ఇలా," అని తనే నడిచింది. కుర్చీకేసి ముఖం పెట్టి, అడ్డంగా, ఒక అడుగు పక్కకు వేసి రెండో అడుగు దాని దగ్గరికి చేర్చి. చూసుకోకుండానే కాళ్ళు గీత మీద పడ్డాయి. ఎన్నేళ్ళు తిరిగిన చుట్టో అది. జనానికి ఆవిడ వీపు కనిపించింది. కమిటీ అధ్యక్షుడు కాలు కిందికి దించాడు. నడుస్తుంటే ఆవిడకు అరికాళ్ళ దగ్గర్నుంచి ఏదో జివ్వుజివ్వుమంటూ పైకి రాసాగింది. సుఖంగా లేదు. ఆగిపోదామనిపించింది గానీ చుట్టు మధ్యలో ఆపడం ఆవిడకు చేతకాదు.

"చూశారుగా," అంది చుట్టు పూర్తయ్యాక. "నేను తిరగనట్టే ఉంది. ఆ పిల్లను తప్ప దేన్నీ చూడనట్టే ఉంది. కానీ నా మొహం ఈ హాలు గోడలు నాలుగింటికీ తిరిగిందా లేదా? చంద్రుడూ అంతే. భూమినే చూస్తూ ఒక చుట్టు తిరిగేసరికి, తన చుట్టూ తాను కూడా ఒకసారి తిరిగేస్తాడు. అందుకే వాడి వీపు మనకు తెలీదు. ఇప్పుడు నువ్వు నడు."

హీరో నడిచాడు. ముందుకొచ్చేసరికి అంగరఖా వీపు మీద సూర్యుడు పడి గుంటలన్నీ లేచాయి. పాత రంగు అక్కడక్కడా రాలింది గానీ వెలుగు పోలేదు. వెనక బెంచీల్లోంచి "ఓ" వచ్చింది. అది విన్న హీరో వీపు కాస్త నిటారుగా పెట్టాడు.

ఆట అయిపోయింది. పిల్లలు తెరలు పక్కకు లాగుతుంటే హెడ్మాస్టరు దగ్గరికొచ్చాడు. "బాగుందండీ, అధ్యక్షుడుగారు కూడా... సరే, ఆ తాళంచెవి ఇస్తే," అని చెయ్యి చాపాడు.

"ఇవ్వనండీ."

"మొన్న సరే అన్నారు కదా?"

"మొన్న మీరడిగింది నాకు వినపడలేదండీ. ఇవాళ వినపడింది." ఆవిడ ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. "స్క్రీను కావాలంటే నా క్లాసురూములో పెట్టించండి, నేనే వాడి చూపిస్తాను. దాని ఎదురుగా పిల్లలు కూచోవాలి. ఇక్కడ నిలబడాలి. హాలు ఇవ్వను."

హెడ్మాస్టరు దాచిపెట్టుకున్న జవాబులన్నీ ఇప్పుడు కావలసొచ్చాయి గానీ, ఒక్కటీ సమయానికి గుర్తు రాలేదు. "మాట్లాడదాం, మాట్లాడదాం," అంటూ అధ్యక్షుడి వెనకాల వెళ్ళాడు. తెరలు మోయడానికి సిద్ధంగా నిలబడ్డ బంట్రోతు చేతులు దులుపుకుని, నవ్వు దాచుకుంటూ బయటికి పోయాడు.

బొంగరం ఇంకా కుర్చీలోనే ఉంది. దిగమనేవాళ్ళు లేక హాలంతా తిరుగుతోంది. "ఇక చాలు," అని ఆవిడ కుర్చీని మూలకు తోసుకెళ్ళి, గోడ పక్కన ఆపి, వంగి బ్రేకు వేసింది.

"వేశాను," అంది.

"ఊఁ," అంది పిల్ల, ఎటో చూస్తూ.

ఆవిడ చెయ్యి బ్రేకు మీంచి జారింది. కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, చక్రం పట్టుకుని, నోరు తెరిచి ఏడ్చింది. కాలు తిమ్మిరి వదిలేటప్పుడు పట్టే నొప్పి ఎలాంటిదో మనకందరికీ తెలుసు. ఆవిడకు మనిషంతటికీ ఒక్కసారే పట్టింది. అన్నయ్యా, అన్నయ్యా అంటూ ఏడ్చింది. అన్నయ్యంటే తనకు ఎంతో ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.

పిల్ల హడలిపోయింది. "నేనేం చేశాను టీచర్? దిగిపోనా?"

"వద్దమ్మా," అంది ఆవిడ చక్రం వదలకుండానే. "కాసేపు కూచో."